అలివేలులో వేలు లేదు

అందరికీ నమస్కారం. నా పేరు అలివేలు మంగ. చిన్నప్పుడు బళ్లో హాజరు పిలవగానే వెనక బెంచీ వాళ్లు చూపుడు వేలు ఎత్తి ఆడించేవారు. ఆ బాకీ ఈ రోజు తీర్చుకుంటాను.

ఇందులో వేలూ లేదు, వేల రూపాయలూ లేవు. తమిళంలో ఈ పేరు అలర్ మేల్ మంగై. అలర్ అంటే పువ్వు, మేల్ అంటే మీద, మంగై అంటే పడుచు. వెరసి పువ్వు మీద అమ్మాయి. తమిళ వైష్ణవ కవి నమ్మాళ్వారు తన తిరువాయ్‌మొళి పాశురాల్లో వేంకటేశ్వరుణ్ణి ‘అలర్ మేల్ మంగై ఉండే రొమ్ము గలవాడా’ అనే పిలిచారు. తిరుచానూరు పద్మసరోవరంలో బంగారు తామరలో అమ్మవారు పుట్టిందంటారు. ఏటా కార్తీక శుద్ధ పంచమినాడు అక్కడ పంచమీ తీర్థం. పద్మావతి అన్నా అలివేలు అన్నా ఆ తామరే.

మరి అరువు పేరేనా అంటే, పూర్తిగా కాదు. అలరు అంటే తెలుగులోనూ పువ్వే. మేలుముసుగులో మేలు అంటే పైనే. అన్నమయ్య (1408–1503) ‘అలరులు కురియగ నాడెనదే’ అని ఎత్తుకుని ‘అలమేలు మంగ’ దగ్గరికి వస్తాడు. పూలు కురిపిస్తూ పేరులోని పువ్వును మన చేతిలో పెట్టాడనిపిస్తుంది నాకు. జనం నోట్లో నలిగి అలమేలు అలివేలైంది. మంగమ్మ, మంగతాయారు దీనికి చెల్లెళ్లు. తాయారు అంటే తమిళంలో అమ్మే.

మా తరంలో వీధికో మంగ ఉండేది. ఇప్పుడు ఎక్కడా వినబడదు. మొన్న మా మనవరాలి బారసాల. కృత్తిక మొదటి పాదం, అ అక్షరం. మా కోడలు ఫోన్‌లో వెతికి వెతికి, "అత్తయ్యా, అలేఖ్య బాగుందా?" అంది.

"ఆలేఖ్యం అంటే చిత్తరువమ్మా. దీర్ఘం తీసేస్తే రాయడానికి వీల్లేనిది అని అర్థం."

"అయితే మీ పేరు పెట్టమంటారా?"

ఆ మాట ఎప్పుడంటుందా అని అరగంటగా కాచుకుని ఉన్నాను. కానీ అడిగేసరికి ఎందుకో సిగ్గేసింది. దీర్ఘం ఒక్కటీ ఇప్పించుకుని ఊరుకున్నాను. పళ్లెంలో బియ్యం మీద ఉంగరంతో ఆలేఖ్య అనే రాశారు. ఎవరూ లేనప్పుడు మాత్రం ఉయ్యాల దగ్గరకెళ్లి ‘మంగా’ అని పిలుస్తున్నాను. పలకడానికి ఇంకా టైముంది లెండి.