అతిథులొస్తే సరే, అరుగెక్కితేనే తంటా

(మైలాపూర్ పర్యాటకంపై చెన్నై స్టూడియోలో జరిగిన తెలుగు చర్చలో కొంత భాగం)

వ్యాఖ్యాత: నమస్కారం. 2017లో యునెస్కో చెన్నైని సంగీతానికి సృజనాత్మక నగరాల జాబితాలో చేర్చింది. మైలాపూర్‌ని చూపించాలన్న ఉత్సాహం అందరికీ ఉంది. అక్కడ కాపురముండే వాళ్లనే ఎవరూ అడగరు. అందుకే మీతో మొదలుపెడతానమ్మా. జనం వస్తే ఇబ్బందా?

మాడవీధి గృహిణి: జనమంటే భయపడేవాళ్లు కపాలీశ్వరుడి గుడి పక్కన కాపురం పెట్టరండీ. తమిళ నెల పంగునిలో జరిగే ఉత్సవం ఎనిమిదో రోజు, అరుబత్తుమూవర్ నాడు, 63 మంది నాయనార్లు, అంటే శివభక్తుల విగ్రహాలు, ఊరేగుతుంటే వీధిలో కాలు పెట్టే సందుండదు. ఆ రోజు మా గేటు తెరిచే ఉంటుంది. ముక్కూ మొహం తెలియనివాళ్లు వచ్చి హాల్లో కూర్చుని పసిపిల్లలకి పాలు పట్టుకుంటారు. మజ్జిగ మేమే పోస్తాం. మామూలు ఆదివారం పొద్దున్నే ఇరవైమంది దిగి, నేను వాకిట్లో ముగ్గేస్తుంటే చుట్టూ చేరి ఫొటోలు తీస్తారు చూడండి, అప్పుడు నేనూ ఆ ముగ్గులో ఒక చుక్కనే. ఒక్కడూ పలకరించడు.

వాక్ గైడ్ (పర్యాటకుల్ని వీధుల్లో నడిపిస్తూ మైలాపూర్ చూపించే అమ్మాయి): మేం అడిగే తీస్తామమ్మా.

గృహిణి: నువ్వడుగుతావు తల్లీ, నీ వెనకున్నవాళ్లో? ఒకాయన చెప్పులతో అరుగెక్కి, కిటికీలోంచి మా అత్తగారి పందిరిమంచం ఫొటో తీశాడు. ఆవిడ దాని మీద పడుకుని ఉండగానే!

వ్యాఖ్యాత: అరుగున్న ఇళ్లు ఇప్పుడెన్ని మిగిలాయిలెండి.

గృహిణి: పక్కింటివాళ్లు బిల్డర్‌కి ఇచ్చేశారు. తప్పుపట్టను. అన్నదమ్ముల వాటాలు తేలాలి, పెంకుటింటి మరమ్మతు ఎవరు భరిస్తారు? పాత ఇల్లు కాపాడమని చెప్పేవాళ్లు ఒక్క పెంకు కొనివ్వరు.

బొమ్మల వ్యాపారి: నాకు మాత్రం జనం రావాలండీ. నవరాత్రికి ముందు ఉత్తర మాడవీధి ప్లాట్‌ఫారం మీద కొలువు బొమ్మలు అమ్ముతాం. ఫొటో కోసం దశావతారం సెట్టంతా దింపిస్తారు, ఆఖరికి ఒక్క చెట్టియార్ బొమ్మ, అదే కొట్టు శెట్టిగారి బొమ్మ, తీసుకుంటారు. రైల్లో పగిలిపోతుందని భయం. గడ్డి వేసి కట్టిస్తే విజయవాడ దాకా చెక్కుచెదరదు. అది గైడ్లు చెప్పరు. ఈ అమ్మాయి వాక్ కాఫీ దగ్గర ముగుస్తుంది, నా దగ్గర ముగించమనండి.

వ్యాఖ్యాత: మరి చెత్త, నీళ్ల సంగతి?

వ్యాపారి: చెత్త సరే. 2019 జనవరి నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ మన తమిళనాడులో నిషేధం, పందిళ్లలో ఆకు దొన్నెలు పెట్టేవాళ్లూ ఉన్నారు. నీళ్లే గొడవ. మా అపార్ట్‌మెంట్లో ఒక ఫ్లాటు రోజువారీ అద్దెకిస్తారు. ఎండాకాలం ట్యాంకర్ డబ్బు అందరం సమానంగా వేసుకుంటాం, అద్దె మాత్రం ఆయనొక్కడికే. 2019 వేసవి నీటి కరువు చూసినవాణ్ణి, పైఫ్లాట్లో షవర్ మోగుతుంటే నాకు నిద్ర పట్టదు.

గైడ్: గుంపంతా గుడి చుట్టూనే తిరగడం అసలు సమస్య. తెలుగువాళ్లు కూడా దర్శనం చేసుకుని వెళ్లిపోతారు. పొట్టి శ్రీరాములు గారు 1952లో 58 రోజులు నిరాహారదీక్ష చేసి ప్రాణం విడిచిన చోటు ఇదే మైలాపూర్లో, రాయపేట హైరోడ్డులో ఉంది. కోస్తా, సీమ నాయకులు 1937 నవంబరు 16న ఒప్పందం చేసుకున్న శ్రీబాగ్ కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి ఇల్లు. ఆయన పేరున లజ్ చర్చ్ రోడ్డులో పార్కుంది. వాక్‌ని అటు తిప్పితే మాడవీధులకి కాస్త ఊపిరాడుతుంది.

గృహిణి: అప్పుడు పార్కులో నడకకొచ్చేవాళ్లు నీ మీద పడతారు! (నవ్వులు) ఆలోచన మంచిదేలే. మా వీధిలోకి పదిమందికి మించి తేకు. ముందురోజు ఫోన్ చెయ్యి. మైకు వద్దు. బాత్రూమ్‌కి మా తలుపులే తడుతున్నారు, టికెట్ డబ్బుల్లో కొంత పెట్టి దానికేదైనా దారి చూడండి. మాకు చేతికివ్వద్దు, ఇళ్ల మధ్య తగువులొస్తాయి.

వ్యాపారి: సీజన్లో పదిమందంటే నాకు గిట్టదక్కా.

గృహిణి: నీ కొట్టుకి వందమందిని తెచ్చుకో, ఎవరొద్దన్నారు? నేను చెప్పేది మా సందు సంగతి.

గైడ్: అయితే శుక్రవారం పొద్దున పెట్టుకోనా అమ్మా?

గృహిణి: శుక్రవారం అస్సలొద్దు. తలంట్లు, పూజ, పైగా గుడికి రద్దీ. బుధవారం రా, ఏడు దాటాక. చెప్పులు గేటు బయటే విప్పించు.