పాత గిటార్ ఆంప్ ట్యూబ్‌లు: పేరు కాదు, గాజు చూసి కొనండి

హలో అండి, అందరికీ నమస్తే. ఇవాళ టేబుల్ మీద మూడు పాత 12ఏఎక్స్7 ట్యూబ్‌లు ఉన్నాయి, అంటే ఆంప్‌లో గిటార్ సిగ్నల్‌ని పెంచే చిన్న గాజు వాక్యూమ్ ట్యూబ్‌లు. కంపెనీలు మాత్రం వేరు, ఒకటి ముల్లార్డ్, ఒకటి టెలిఫంకెన్, ఒకటి ఆర్‌సీఏ. యూరప్‌లో వీటినే ఈసీసీ83 అంటారు, పేరే వేరు గానీ ట్యూబ్ ఒకటే, దాని సాకెట్‌లో ఇది పెట్టేయొచ్చు. మూడింటినీ ఒకే ఆంప్‌లో ఒకే సాకెట్‌లో పెట్టి వాయిస్తా, కానీ అంతకంటే ముందు ఇవి అసలువేనా కాదా ఎలా పట్టుకోవాలో చూద్దాం, ఎందుకంటే మనవాళ్ళకి డబ్బులు పోయేది అక్కడే.

గాజు మీద పెయింట్‌తో అచ్చేసిన పేరుని మాత్రం నమ్మకండి. ఆ రోజుల్లో కంపెనీలు ఒకళ్ళ దగ్గర ఒకళ్ళు ట్యూబ్‌లు కొనుక్కుని తమ పేరు వేసుకుని అమ్మేవాళ్ళు, ఆర్గన్ వాయిద్యాలు చేసేవాళ్ళు, ఆంపులు చేసేవాళ్ళు కూడా అంతే, అప్పట్లో అది మామూలు వ్యాపారం. అందుకే ఎవరూ పట్టించుకోని పేరున్న డబ్బాలో కూడా మంచి ముల్లార్డ్ దొరకొచ్చు. దానికి రివర్స్‌లో, పాత పేరు తుడిచేసి ఖరీదైన పేరు వేసి అమ్మేవాళ్ళూ ఉన్నారు, ఆ పెయింట్ వేలితో రుద్దినా పోతుంది కాబట్టి వాళ్ళకి పెద్ద కష్టం కాదు.

ఇప్పుడు ముల్లార్డ్ తీస్తున్నా, కెమెరాకి దగ్గరగా పెడతా చూడండి. గాజు అడుగున, పిన్నులకి కొంచెం పైన, లైట్ పక్కనుంచి పడితే బూడిదరంగులో చిన్న అక్షరాలు కనిపిస్తాయి. పైన ఐ61, కింద బీ4డీ1. ఐ61 అంటే ఈసీసీ83కి ఫిలిప్స్ గ్రూప్ (ముల్లార్డ్ కూడా అందులోదే) వాడిన కోడ్, బీ అంటే ఇంగ్లండ్‌లో బ్లాక్‌బర్న్ ఫ్యాక్టరీ, 4 అంటే సంవత్సరం చివరి అంకె, డీ అంటే నాలుగో నెల, చివరి 1 మొదటి వారం. అంటే 1964 ఏప్రిల్ అనుకోవచ్చు, 1974 కూడా అయ్యుండొచ్చు, దశాబ్దం మాత్రం కోడ్ చెప్పదు, గాజు లోపల కనిపించే లోహపు రేకుల తయారీ చూసి తేల్చుకోవాలి. బీ ఉండాల్సిన చోట చిన్న త్రిభుజం ఉంటే అది హాలండ్‌లోని హీర్లెన్‌లో చేసింది, ఆంపరెక్స్ పేరుతో వచ్చినవి చాలావరకు అక్కడివే. ఇంకోటి, బ్లాక్‌బర్న్ ట్యూబ్ పైకప్పు మీద గాజు అతుకులు ప్లస్ గుర్తులా కనిపిస్తాయి, వేలితో తడిమినా తెలుస్తుంది.

టెలిఫంకెన్‌కి ఇంత వెతుకులాట అక్కర్లేదు, తిరగేయండి, పిన్నుల మధ్యలో గాజులోనే అచ్చయిన చిన్న డైమండ్ ఉంటుంది. అది లేకపోతే పైన ఎంత అందంగా టెలిఫంకెన్ అని రాసున్నా ఆ ధర ఇవ్వకండి. ఆర్‌సీఏకి 274 అనే నంబర్ చూసుకోండి, అది వాళ్ళ మేకర్ కోడ్, జీఈకి 188, సిల్వేనియాకి 312.

పైన లోపలివైపు వెండిలా మెరిసే పూత ఉంటుంది కదా, గెటర్ పూత, అది బేరియం. లోపల మిగిలిన గాలిని పీల్చేసుకోవడానికే ఉంటుంది. అది పాలలా తెల్లబడిందంటే గాజు పగిలి లోపలికి గాలి చేరినట్టే, ఇక ఆ ట్యూబ్ పని చేయదు. అలాగని పూత ఎంత మందంగా ఉంటే అంత కొత్తది అనేవాళ్ళ మాట నమ్మకండి, నాకది ఎప్పుడూ లెక్కలోకి రాదు, టెస్టర్‌లో వచ్చే రీడింగే చూస్తా.

సరే, ఇక వాయిద్దాం. గిటార్ సిగ్నల్ ముందుగా చేరే మొదటి సాకెట్‌లోనే పెడుతున్నా, ట్యూబ్ తేడా ఎక్కువ వినిపించేది అక్కడే. ఆంప్ ఆఫ్ చేసి, చల్లారాక మార్చాలి, లోపల సర్క్యూట్ ఉండే లోహపు పెట్టె, చాసీ, మాత్రం తెరవకండి, స్విచ్ ఆపినా కెపాసిటర్లలో వందల వోల్ట్‌లు నిలిచి ఉంటాయి.

[ముల్లార్డ్] విన్నారా, మధ్య స్వరాలు చిక్కగా వస్తున్నాయి, గట్టిగా కొడితే వచ్చే డిస్టార్షన్ మెత్తగా విరుగుతోంది, లీడ్ వాయించేవాళ్ళకి నేను ఇదే చెప్తా.

[టెలిఫంకెన్] ఇది చూడండి, ఒక్కో తీగ విడివిడిగా వినిపిస్తోంది, క్లీన్ కార్డ్స్‌కి అద్భుతం, కానీ బ్రైట్‌గా ఉండే ఆంప్‌లో పెడితే పైస్వరాలు చెవిలో గుచ్చుకుంటాయి.

[ఆర్‌సీఏ] రెండింటికీ మధ్యలో ఉంది, లో ఎండ్, అంటే కింది స్వరాలు, కాస్త నిండుగా ఉంది, ధరకి ఈ మూడింట్లో నాకు బాగా నచ్చింది ఇదే.

ఇప్పుడు వాల్యూమ్ పెంచి ట్యూబ్‌ని చెక్క పెన్సిల్‌తో మెల్లగా తడతా. స్పీకర్‌లోంచి ఖంగుమని మోగి అలాగే సాగితే ఆ ట్యూబ్ మైక్రోఫోనిక్ అయినట్టు, స్పీకర్ కూడా అదే పెట్టెలో ఉండే కాంబో ఆంప్‌లో మొదటి సాకెట్‌కి పనికిరాదు. రేకులు పొడవుగా ఉన్నవాటిలో ఈ గోల ఎక్కువ, అందుకే పొడుగు రేకుల పాత ముల్లార్డ్ ఎంత పేరున్నదైనా ఈ టెస్ట్ చేయకుండా కొనకండి. అలా మోగేదాన్ని పారేయక్కర్లేదు, గెయిన్ (సిగ్నల్‌ని పెంచడం) తక్కువ అవసరమయ్యే వెనక సాకెట్లలో చాలాసార్లు నిశ్శబ్దంగా పని చేస్తుంది.

మీ దగ్గర అర్థం కాని కోడ్ ఉంటే అడుగున ఉన్న అక్షరాలు యథాతథంగా కింద కామెంట్‌లో టైప్ చేయండి. తర్వాతి వీడియోలో ఈఎల్34లు తీస్తా, అవి పవర్ ట్యూబ్‌లు కాబట్టి మార్చినప్పుడల్లా బయాస్, అంటే ట్యూబ్‌లో ఊరికే ఉన్నప్పుడు పారే కరెంట్ సెట్టింగ్, చూసుకోవాలి, ఆ కొలత ఎలాగో కూడా అందులోనే చూపిస్తా.