ఒకే కంప్యూటర్‌లో విండోస్, లినక్స్: ముందు చేయాల్సిన పనులు, తర్వాత వచ్చే చిక్కులు

అందరికీ నమస్కారం.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్ లేదనో, ప్రాసెసర్ పాతదనో విండోస్ 11 ఎక్కని కంప్యూటర్లు మన ఇళ్లలో చాలానే ఉన్నాయి. వాటిలో లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ చక్కగా నడుస్తుంది. అలాగని విండోస్‌ని తీసి పారేయలేం. ట్యాలీ విండోస్‌లోనే నడుస్తుంది. తెలుగు డీటీపీ చేసేవాళ్లకి పేజ్‌మేకర్, అను ఫాంట్లు లేకపోతే రోజు గడవదు. అందుకే రెండూ ఒకే కంప్యూటర్‌లో ఉంచుకునే పద్ధతి, అదే డ్యూయల్ బూట్. ఇంటర్నెట్, బ్యాంకు పనులు లినక్స్‌లో, ట్యాలీ, డీటీపీ లాంటివి విండోస్‌లో అని పని పంచుకుంటే, అప్‌డేట్లు ఆగిపోయిన విండోస్ 10ని నెట్‌కి దూరంగా ఉంచవచ్చు.

ఈరోజు మాట్లాడేది ఇప్పటికే విండోస్ ఉన్న కంప్యూటర్‌లో లినక్స్ రకాలైన మింట్ 22నో, ఉబుంటు 24.04నో చేర్చడం గురించి. ఈ రెండు వెర్షన్లకూ 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. కొత్తవాళ్లకి నేను మింట్ చెబుతాను. స్టార్ట్ మెనూ, టాస్క్‌బార్ అలవాటైన చోటే కనిపిస్తాయి కాబట్టి ఇంట్లో మిగతావాళ్లకీ తడబాటు ఉండదు.

లినక్స్ ఎక్కించడం అసలు కష్టమైన పని కాదు. డ్యూయల్ బూట్ అంటే రెండు వాటాల ఇల్లు లాంటిది. ఎవరి గదులు వాళ్లవే, తగవులన్నీ ఉమ్మడి చోట్ల దగ్గరే వస్తాయి. కంప్యూటర్‌లో ఆ ఉమ్మడి చోట్లు మూడు: డిస్కు, బూట్ జాబితా (కంప్యూటర్ ఆన్ కాగానే ఏ సిస్టమ్ లేవాలో చెప్పేది), గడియారం. ఏ చిక్కు వచ్చినా ముందు ఈ మూడింటిలో ఏదో చూసుకోండి.

వరుస కూడా ముఖ్యం. ముందు విండోస్, తర్వాత లినక్స్. విండోస్ ఇన్‌స్టాలర్ పక్కన మరో సిస్టమ్ ఉందా అని చూడదు, బూట్ జాబితాలో తననే మొదట పెట్టుకుంటుంది. లినక్స్ ఇన్‌స్టాలర్ మాత్రం విండోస్‌ని వెతికి తన మెనూలో చేర్చుకుంటుంది.

ముందుగా, విండోస్‌లో ఉండగా చేయాల్సిన పనులు చూద్దాం. ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. ఫైళ్లన్నీ బయటి హార్డ్‌డిస్కులోకి కాపీ చేయండి. అదే డిస్కులోని డీ డ్రైవ్‌లో పెట్టుకున్నది బ్యాకప్ కాదు. విండోస్ ఇన్‌స్టాల్ చేసే పెన్‌డ్రైవ్ కూడా ఒకటి ముందే తయారుగా ఉంచుకోండి. విండోస్ బూట్ చెడితే బాగుచేసే పనిముట్లు దాంట్లోనే ఉంటాయి.

తర్వాత విండోస్ కీతో పాటు ఆర్ నొక్కి, ఎమ్‌ఎస్‌ఇన్ఫో32 అని కొట్టండి. వచ్చే పట్టికలో బయోస్ మోడ్ దగ్గర యూఈఎఫ్‌ఐ అని ఉందో, లెగసీ అని ఉందో రాసుకోండి. ఇవి కంప్యూటర్‌ని లేపే రెండు పద్ధతులు, మొదటిది కొత్తది, రెండోది పాతది. విండోస్ ఏ పద్ధతిలో ఉంటే లినక్స్‌నీ ఆ పద్ధతిలోనే ఎక్కించాలి. ఒకటి యూఈఎఫ్‌ఐలో, ఇంకొకటి లెగసీలో పెడితే రెండూ విడివిడిగా పనిచేస్తాయి గాని ఒకే మెనూలో కనిపించవు. లినక్స్ పోయిందనో, విండోస్ పోయిందనో కంగారుపడేవాళ్లలో చాలామందికి జరిగేది ఇదే. ఏదీ పోదు.

లెగసీలో ఉన్న పాత డెస్క్‌టాప్ అయితే డిస్కు ఎంబీఆర్ అనే పాత విభజన పద్ధతిలో ఉంటుంది. అందులో ప్రైమరీ పార్టిషన్లు, అంటే డిస్కు ప్రధాన భాగాలు, నాలుగే పడతాయి. షాపువాళ్లు సీ, డీ, ఈ అని విడగొట్టి ఇచ్చిన కంప్యూటర్లలో విండోస్ తన సొంత చిన్న పార్టిషన్‌తో కలిపి ఆ నాలుగూ నిండిపోయి ఉండొచ్చు. అలాంటప్పుడు డిస్క్ మేనేజ్‌మెంట్‌లో కొత్త పార్టిషన్ చేయబోతే డిస్కుని డైనమిక్‌గా మార్చమంటారా అని అడుగుతుంది. ఒప్పుకోకండి. డైనమిక్ డిస్కు మీద లినక్స్ ఇన్‌స్టాలర్ పని చేయలేదు, దాన్ని వెనక్కి మార్చడం కూడా సులభం కాదు. ఒక డ్రైవ్‌లోని ఫైళ్లు బయటికి తీసి, ఆ డ్రైవ్‌ని తొలగించి, ఆ ఖాళీ లినక్స్‌కి ఇవ్వడమే మంచిది.

ఇక డిస్కులోని సమాచారానికి తాళం వేసి ఉంచే బిట్‌లాకర్. హోమ్ ఎడిషన్‌లో దీన్నే డివైస్ ఎన్‌క్రిప్షన్ అంటారు. విండోస్ 11 24హెచ్2 వెర్షన్‌ని కొత్తగా ఎక్కించి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే ఇది తనంతట తానే మొదలవుతుంది, చాలామందికి అది ఉన్నట్టే తెలియదు. దీని 48 అంకెల రికవరీ కీ మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. దాన్ని కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. ఆ తర్వాత ఎన్‌క్రిప్షన్ ఆపి, డీక్రిప్ట్ కావడం పూర్తయ్యేదాకా ఆగండి. పని అంతా అయ్యాక మళ్లీ పెట్టుకోవచ్చు. అయితే అప్పటినుంచి లినక్స్ మెనూ మీదుగా విండోస్‌లోకి వెళ్లినప్పుడల్లా రికవరీ కీ అడగవచ్చు. బూట్ అయిన దారి మారిందని టీపీఎమ్ గమనించడమే కారణం. అలాంటి కంప్యూటర్‌లో విండోస్‌ని నేరుగా కంప్యూటర్ బూట్ మెనూ నుంచే ఎంచుకోండి.

ఫాస్ట్ స్టార్టప్‌ని తప్పకుండా ఆపాలి. అది ఉన్నప్పుడు షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా ఆగదు. కెర్నల్ (సిస్టమ్ మూల భాగం) స్థితిని డిస్కు మీద రాసుకుని పక్కకు జరుగుతుంది, ఫైల్ సిస్టమ్‌ని తెరిచే ఉంచుతుంది. అప్పుడు లినక్స్ వచ్చి ఆ డ్రైవ్‌లో ఏదైనా రాస్తే, తిరిగి లేచిన విండోస్ తన పాత లెక్కనే నమ్మి దాని మీద రాస్తుంది, ఫైళ్లు పాడవుతాయి. లినక్స్ ఆ డ్రైవ్‌ని చదవడానికి మాత్రమే తెరవడం, లేదా అసలు తెరవకపోవడం ఈ ప్రమాదం తప్పించడానికే. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్లి, పవర్ బటన్ ఏం చేయాలో చెప్పే చోట టిక్ తీసేయండి. విండోస్ పెద్ద అప్‌డేట్ తర్వాత అది మళ్లీ వచ్చి చేరవచ్చు, ఒకసారి చూసుకోండి.

ఇప్పుడు చోటు చేయడం. విండోస్ పార్టిషన్‌ని విండోస్ పనిముట్టుతోనే తగ్గించండి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి, ష్రింక్ వాల్యూమ్. 256 జీబీ ఎస్‌ఎస్‌డీ అయితే 60 నుంచి 80 జీబీ, 1 టీబీ అయితే 100 నుంచి 150 జీబీ లినక్స్‌కి ఇవ్వండి. లెక్క ఎంబీల్లో అడుగుతుంది, 80 జీబీకి 81920 అని కొట్టాలి. సగం పైగా ఖాళీగా ఉన్న డ్రైవ్‌లో కూడా పది జీబీకి మించి తగ్గించనివ్వకపోతే, కదపడానికి వీల్లేని ఫైళ్లు మధ్యలో కూర్చున్నాయన్నమాట. అవి పేజ్ ఫైల్, హైబర్నేషన్ ఫైల్, సిస్టమ్ రిస్టోర్ నకళ్లు. మూడింటినీ తాత్కాలికంగా ఆపి, రీస్టార్ట్ చేసి మళ్లీ ప్రయత్నిస్తే చోటు దొరుకుతుంది. తర్వాత పేజ్ ఫైల్‌ని తిరిగి పెట్టడం మర్చిపోకండి. వచ్చిన ఖాళీని ఖాళీగానే వదిలేయండి, దానికి డ్రైవ్ అక్షరం ఇవ్వవద్దు. పక్కనే కొన్ని వందల ఎంబీల రికవరీ పార్టిషన్ కనిపిస్తుంది, అది విండోస్‌ది, దాని జోలికి వెళ్లవద్దు.

ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్‌లలో ఇంకో అడ్డు ఉండవచ్చు. లినక్స్ ఇన్‌స్టాలర్‌కి డిస్కే కనిపించదు. డిస్కు ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ లేదా వీఎండీ పద్ధతిలో ఉండటం దీనికి కారణం. దాన్ని బయోస్‌లో (విండోస్ లేవకముందే తెరిచే సెట్టింగ్స్‌లో) ఏహెచ్‌సీఐ అనే పద్ధతికి మార్చాలి. మార్చేశాక నేరుగా విండోస్‌ని లేపితే, బూట్ డిస్కు దొరకలేదంటూ నీలి తెర వస్తుంది, ఎందుకంటే ఏహెచ్‌సీఐ డ్రైవర్‌ని విండోస్ బూట్ సమయానికి సిద్ధం చేసుకోలేదు. సరైన దారి ఇది: ఎమ్‌ఎస్‌కాన్ఫిగ్ తెరిచి బూట్ ట్యాబ్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టి, రీస్టార్ట్ చేసి బయోస్‌లోకి వెళ్లి మార్చండి. విండోస్ సేఫ్ మోడ్‌లో లేచినప్పుడు కొత్త డ్రైవర్ తనే పెట్టుకుంటుంది. తర్వాత ఆ టిక్ తీసేసి మామూలుగా రీస్టార్ట్ చేయండి. సేఫ్ మోడ్‌లో పిన్ పనిచేయకపోవచ్చు, మీ ఖాతా పాస్‌వర్డ్ తెలిసి ఉండాలి.

పెన్‌డ్రైవ్ సంగతి తేలిక. 8 జీబీది చాలు. మింట్ ఫైల్ సుమారు 3 జీబీ, ఉబుంటు 24.04ది సుమారు 6 జీబీ. దింపుకున్న ఫైల్ ఎస్‌హెచ్‌ఏ256 విలువ (ఫైల్ సరిగా దిగిందో చెప్పే గుర్తు) సైట్‌లో ఇచ్చినదానితో సరిపోయిందో చూడండి, సగంలో తెగిన డౌన్‌లోడ్‌తో ఇన్‌స్టాల్ మధ్యలో ఆగిపోతుంది. రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో పెన్‌డ్రైవ్ తయారు చేస్తే అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి. డెల్, లెనోవోల్లో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఏసుస్ ల్యాప్‌టాప్‌లలో ఎస్కేప్ నొక్కితే సాధారణంగా బూట్ మెనూ వస్తుంది. ఏసర్‌లో ఎఫ్12 మెనూని ముందు బయోస్‌లో ఆన్ చేయాల్సి రావచ్చు. ఒకే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపిస్తే, విండోస్ యూఈఎఫ్‌ఐలో ఉన్నవాళ్లు యూఈఎఫ్‌ఐ అని రాసి ఉన్నదాన్నే ఎంచుకోండి.

పెన్‌డ్రైవ్ నుంచి లేచిన లినక్స్‌ని వెంటనే ఇన్‌స్టాల్ చేయకండి. ఒక పావుగంట వాడి చూడండి. వైఫై, శబ్దం, టచ్‌ప్యాడ్, వెబ్‌క్యామ్ పనిచేస్తున్నాయా? వైఫై కనిపించకపోతే ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెదరింగ్ ఆన్ చేయండి. ఆ నెట్‌తో కావాల్సిన డ్రైవర్ దింపుకోవచ్చు.

ఇన్‌స్టాల్ మొదలుపెట్టేటప్పుడు ల్యాప్‌టాప్‌కి చార్జర్, డెస్క్‌టాప్‌కి యూపీఎస్ ఉండాలి. పార్టిషన్ల పట్టిక రాస్తుండగా కరెంటు పోతే నష్టం పెద్దది. విండోస్ పక్కన ఇన్‌స్టాల్ చేయమనే ఎంపిక వస్తే అది చాలు. రాకపోతే పార్టిషన్లు మనమే చేసుకునే ఎంపికకి వెళ్లి, ఖాళీ చోట ఒకే ఎక్స్‌టీ4 (లినక్స్ వాడే ఫైల్ పద్ధతి) పార్టిషన్ చేసి, మౌంట్ పాయింట్‌గా స్లాష్ గుర్తు ఇవ్వండి. స్వాప్‌కి (ర్యామ్ చాలనప్పుడు వాడే చోటుకి) వేరే పార్టిషన్ అక్కర్లేదు, ఇప్పుడు అది ఫైల్‌గా ఉంటుంది. యూఈఎఫ్‌ఐ కంప్యూటర్‌లో డిస్కు మొదట్లో ఫ్యాట్32 రకం ఈఎఫ్‌ఐ పార్టిషన్ ఉంటుంది, సాధారణంగా 100 ఎంబీ. దాన్ని వాడుకోవాలి, ఫార్మాట్ టిక్ మాత్రం పెట్టకూడదు. ఆ టిక్ పెడితే విండోస్ బూట్ ఫైళ్లు పోతాయి. విండోస్‌కి ఒక ఫోల్డర్, లినక్స్‌కి ఒక ఫోల్డర్‌గా రెండూ అందులో పక్కపక్కనే ఉంటాయి. లినక్స్ బూట్ ఫైళ్లకు అక్కడ పది ఎంబీ కూడా పట్టదు.

సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే బూట్ కానిచ్చే సెక్యూర్ బూట్‌ని ఆపాల్సిన పని లేదు, రెండు లినక్స్‌లూ దానితోనే లేస్తాయి. ఎన్‌విడియా డ్రైవర్ లాంటివి కలిపి ఎక్కిస్తే ఇన్‌స్టాలర్ ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ కాగానే నీలి రంగు తెర మీద ఎన్‌రోల్ మాక్ అన్న వరుస ఎంచుకుని ఆ పాస్‌వర్డే ఇవ్వాలి. తొందరలో కంటిన్యూ బూట్ కొట్టేస్తే డ్రైవర్‌కి సంతకం చెల్లదు, ఎన్‌విడియా కార్డు ఉన్నా పనిచేయదు.

డెస్క్‌టాప్ ఉన్నవాళ్లకి నా సలహా వేరే. ఒక 240 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ కొని లినక్స్‌ని దానికే కేటాయించండి. ఎక్కించేటప్పుడు విండోస్ డిస్కు కేబుల్ తీసేయండి. కేబుల్ ఉంచితే, బూట్ ఫైళ్లు రెండో డిస్కులో పెట్టమని చెప్పినా మింట్ ఇన్‌స్టాలర్ మొదటి డిస్కు ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లోనే పెట్టే అవకాశం ఉంది. తీసేస్తే రెండు డిస్కులూ స్వతంత్రంగా ఉంటాయి, ఒకటి పాడైనా రెండోది లేస్తుంది. ఉమ్మడి చోట్లలో రెండు ఇలా తగ్గిపోతాయి.

అన్నీ అయ్యాక కంప్యూటర్ నేరుగా విండోస్‌లోకే వెళ్తుంటే, బయోస్ బూట్ వరుసలో ఉబుంటు అన్న పేరుని పైకి తెండి. మింట్ ఎక్కించినా అక్కడ ఉబుంటు అనే కనిపిస్తుంది. విండోస్ అప్‌డేట్ తర్వాత ఈ వరుస మారినా ఇదే మందు. లినక్స్ మెనూలో విండోస్ కనిపించకపోతే కారణం వేరు. ఈ మెనూ చూపించే ప్రోగ్రామ్ పేరు గ్రబ్, దాని 2.06 వెర్షన్ నుంచి మిగతా సిస్టమ్‌లను వెతికే ఓఎస్ ప్రోబర్ మామూలుగా ఆపి ఉంటుంది. గ్రబ్ సెట్టింగ్స్ ఫైల్‌లో గ్రబ్ డిసేబుల్ ఓఎస్ ప్రోబర్ విలువని ఫాల్స్ చేసి, అప్‌డేట్-గ్రబ్ ఆదేశం నడపండి. 2024 ఆగస్టులో వచ్చిన విండోస్ అప్‌డేట్ పాత బూట్‌లోడర్లను సెక్యూర్ బూట్‌లో నిరోధించింది, అప్పుడు చాలా డ్యూయల్ బూట్ కంప్యూటర్లలో లినక్స్ ఆగిపోయింది. అలాంటిది ఎదురైతే సెక్యూర్ బూట్ తాత్కాలికంగా ఆపి, లినక్స్‌లోకి వెళ్లి అప్‌డేట్లన్నీ పెట్టి, మళ్లీ ఆన్ చేసి చూడండి.

గడియారం తేడా వెంటనే కనిపిస్తుంది. లినక్స్ వాడి విండోస్‌లోకి వస్తే సమయం అయిదున్నర గంటలు వెనక్కి పోయి ఉంటుంది. మదర్‌బోర్డు గడియారంలో లినక్స్ అంతర్జాతీయ సమయాన్ని పెడుతుంది, విండోస్ అదే మన స్థానిక సమయం అనుకుంటుంది. లినక్స్ టెర్మినల్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1 అని ఇస్తే రెండూ ఒక దారికి వస్తాయి. వేసవి సమయం మార్పులు ఉండే అమెరికా, బ్రిటన్‌లలోని మనవాళ్లు మాత్రం విండోస్ రిజిస్ట్రీలో రియల్‌టైమ్‌ఈజ్‌యూనివర్సల్ విలువని 1గా పెట్టుకోవడం మేలు. లేకపోతే గంట మారిన రోజున రెండు సిస్టమ్‌లూ చెరోసారి మార్చేస్తాయి.

రెండింట్లోనూ కావాల్సిన ఫోటోలు, పత్రాలు ఎన్‌టీఎఫ్‌ఎస్ డీ డ్రైవ్‌లో పెట్టండి, లినక్స్ దాన్ని చదువుతుంది, రాస్తుంది. సీ డ్రైవ్‌లోకి లినక్స్ నుంచి రాయకండి. తెలుగు టైపింగ్‌కి ఐబస్, ఎం17ఎన్ ప్యాకేజీలు పెడితే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ టైపింగ్ పద్ధతులు రెండూ దొరుకుతాయి. అను ఫాంట్లతో చేసిన పాత ఫైళ్లు యూనికోడ్ కాదు కాబట్టి లినక్స్‌లో ఇంగ్లిష్ అక్షరాల గజిబిజిలా కనిపిస్తాయి. వాటికి విండోస్ వాటాయే దిక్కు.

ఎప్పుడైనా లినక్స్ తీసేయాలనుకుంటే పార్టిషన్ నేరుగా డిలీట్ చేయకండి. అలా చేస్తే ఈఎఫ్‌ఐలో మిగిలిన గ్రబ్ తన ఫైళ్లు దొరక్క నల్ల తెర మీద ఆగిపోతుంది. ముందు బయోస్‌లో విండోస్ బూట్ మేనేజర్‌ని పైకి తెచ్చి, విండోస్ నేరుగా లేస్తుందని చూసుకోండి. పాత ఎంబీఆర్ కంప్యూటర్ అయితే విండోస్ పెన్‌డ్రైవ్‌తో లేపి, బూట్‌రెక్ స్లాష్ ఫిక్స్ఎంబీఆర్ ఆదేశం ఇవ్వండి. ఆ తర్వాతే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో లినక్స్ పార్టిషన్ తొలగించాలి. ఖాళీ అయిన చోటు సీ డ్రైవ్‌కి వెంటనే కుడి పక్కన ఉంటే ఎక్స్‌టెండ్ వాల్యూమ్‌తో దాన్ని తిరిగి సీలో కలుపుకోవచ్చు. ష్రింక్ చేసి తీసుకున్న చోటే కాబట్టి అది సాధారణంగా అక్కడే ఉంటుంది.