మామిడి మాను ఎండుతుంటే ముందు ఏం చూడాలి?

(తిరుపతి స్టూడియోలో జరిగిన చర్చ నుంచి)

యాంకర్: చిత్తూరు అంటేనే తోతాపురి. ఏళ్ల తరబడి కాపు కాసిన చెట్టు ఉన్నట్టుండి ఎండిపోతే ఏం చెయ్యాలి? బంగారుపాళ్యం నుంచి వచ్చిన రైతుతో మొదలుపెడదాం. చెప్పండన్నా.

రైతు: ముందు ఒక పక్క కొమ్మ వాడింది మేడమ్. ఆకు ఎండినా రాల్లేదు, చెట్టుకే ఉండాది. మాను మీద బంక కారతా ఉంది. కొమ్మ కొట్టి మందుల అంగడికి తీసకపోతే ఏవేవో ఇచ్చినారు. కొట్టినా, ఏం లాభం లే.

శాస్త్రవేత్త: తీసుకెళ్లింది పూర్తిగా ఎండిన కొమ్మేనా?

రైతు: ఎండిందే కదా మేడమ్ చూపించాల్సింది!

శాస్త్రవేత్త: అందరూ అదే తెస్తారు. చచ్చిన కట్టె మీద నానా రకాల బూజులు చేరతాయి. చెట్టును చంపిందేదో, తర్వాత తిండికి వచ్చిందేదో విడదీయడం కష్టం. కత్తితో బెరడు చెక్కుకుంటూ కిందికి రండి. గోధుమరంగు ఆగి, తెల్లటి పచ్చి చెక్క మొదలయ్యే గీత ఉంటుంది. మాకు కావాల్సింది అదే. రెండు పక్కలూ వచ్చేలా జానెడు ముక్క కోసి, కాగితంలో చుట్టి అదే రోజు పంపండి. ప్లాస్టిక్ కవర్లో వద్దు, చెమ్మ పట్టి పాడవుతుంది.

రిటైర్డ్ ఉద్యాన అధికారి: ఒక్క మాట. బంక చూడగానే తెగులు అనేస్తారు. కాండం తొలిచే పురుగు పడినా బంక కారుతుంది. మాను మీద రంధ్రం, కింద రంపపు పొట్టులాంటి పిప్పి ఉన్నాయేమో చూడాలి. ఉంటే బూజు మందు కొట్టి ఏం లాభం?

శాస్త్రవేత్త: రెండూ కలిసీ ఉండొచ్చు. జపాన్ పైన్ చెట్ల సంగతి చూడండి. నాగసాకిలో అవి ఎండిపోవడం 1905లోనే రాసిపెట్టారు. బెరడు కింద పురుగులు కనబడ్డాయి, నేరం వాటి మీదే పడింది. అసలు దోషి మిల్లీమీటరు పొడవుండే నులిపురుగని 1971లో గానీ తేలలేదు. బాగున్న చెట్టుకు దాన్ని ఎక్కించి, అదీ ఎండిపోయాక నమ్మారు. దాన్ని చెట్టు నుంచి చెట్టుకు మోసేది మాత్రం పెంకుపురుగే.

యాంకర్: మరి మామిడికి ల్యాబ్‌లో ఏం చేస్తారు?

శాస్త్రవేత్త: సెరటోసిస్టిస్ అనే బూజు మీద అనుమానముంటే క్యారెట్ తెప్పిస్తాం. నిజమే, కూర క్యారెట్టే! రెండు బిళ్లల మధ్య చెక్క ముక్క పెట్టి తడిగా ఉంచితే, కొన్ని రోజులకు నల్లటి చుక్కలు, వాటి మీద వెంట్రుకల్లా పొడవాటి మెడలు లేస్తాయి. కొసన బీజాల బొట్టు. మైక్రోస్కోపులో చూసి ఖాయం చేస్తాం.

అధికారి: అంతవరకూ రైతు చేతులు కట్టుకుని కూర్చోవాలా?

శాస్త్రవేత్త: అక్కర్లేదు. ముక్క పంపాక, ఎండిన కొమ్మను పచ్చి చెక్కలో జానెడు కిందికి కోసి కాల్చెయ్యండి. కోతకు బోర్డో పేస్టు, అంటే మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద, పూయండి. రంపం ఎవరిదన్నా?

రైతు: కోతలోళ్లదే మేడమ్. అందరి తోటలకూ అదే తిరగతాది.

శాస్త్రవేత్త: అయితే చెట్టు మారినప్పుడల్లా పొట్టు దులిపి, స్పిరిట్‌తో తుడవమనండి. రంపం పళ్ల సందులు కూడా.