కేసుల లెక్క వేరు, నేరాల లెక్క వేరు

(సమాజశాస్త్ర విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ముందు ఒక చిన్న లెక్క. రెండు పేటలున్నాయి. రెండింట్లోనూ ఏడాదిలో సరిగ్గా వెయ్యేసి దొంగతనాలు జరిగాయనుకోండి. మొదటి పేటలో సొమ్ము పోగొట్టుకున్నవాళ్ళలో నూటికి 60 మంది పోలీసుల దగ్గరికి వెళ్ళారు. ఆ ఫిర్యాదుల్లో నూటికి 90 కేసులుగా నమోదయ్యాయి. రెండో పేటలో వెళ్ళింది నూటికి 30 మందే, నమోదైనవి అందులో నూటికి 70. మొదటి పేట లెక్క 540, రెండో పేట లెక్క 210. దొంగల పేటగా పేరు పడేది మొదటిదానికి. జరిగిన నేరంలో మాత్రం రవ్వంత తేడా లేదు. తేడా అంతా స్టేషను మెట్లెక్కే ధైర్యంలోనూ, ఎక్కాక దొరికే మర్యాదలోనూ ఉంది.

ఎందుకు వెళ్ళరు? వెళ్తే ఆ రోజు కూలి పోతుంది. బీమా ఉన్నవాడికి ఫిర్యాదు నకలు కావాలి, కాబట్టి వెళ్తాడు. లేనివాడికి ఆ కాగితంతో పనిలేదు. కాగితాలు లేని వలస కూలీకి దొంగకన్నా పోలీసంటేనే భయం. కొట్టినవాడు ఇంటివాడే అయితే ఫిర్యాదు ఇచ్చి మళ్ళీ ఆ ఇంటికే వెళ్ళాలి. అందుకే ఒకే శాఖ, ఒకే ఏడాది ఇచ్చిన పట్టికలో కూడా అన్ని వరుసలనూ ఒకేలా నమ్మకూడదు. హత్యల లెక్క చాలావరకు గట్టిది, ఎందుకంటే శవం దాగడం కష్టం. కార్ల దొంగతనాల లెక్కా ఫరవాలేదు. గృహహింస లెక్క నేరం గురించి చెప్పేది తక్కువ, ఫిర్యాదు గురించి చెప్పేది ఎక్కువ.

ఈ చిక్కు కొత్తదేం కాదు. బెల్జియం గణాంకవేత్త అడాల్ఫ్ కెట్లే 1830లలోనే ఫ్రాన్సు కోర్టుల లెక్కలు ముందేసుకుని దీన్ని గుర్తించాడు. తెలిసిన నేరాలకూ తెలియని నేరాలకూ మధ్య నిష్పత్తి ఇంచుమించు మారదని ఒప్పుకుంటే తప్ప ఈ అంకెలతో ఏమీ చెప్పలేమన్నాడు. ఆ ఊహ ఎక్కడ చెడుతుందో పట్టుకోవడమే మీ చదువులో సగం. ‘నేరాలు పెరిగాయి’ అని ఎవరైనా అంటే, పెరిగింది నేరమా, ఫిర్యాదా, నమోదా, లేక నిర్వచనమా అని అడగండి.

నిర్వచనం సంగతి చూడండి. అత్యాచారానికి అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ 1927 నాటి నిర్వచనాన్నే దశాబ్దాలపాటు వాడింది. అందులో బాధితురాలు స్త్రీ అయితేనే లెక్క. 2013 లెక్కల నుంచి కొత్త నిర్వచనం వచ్చింది, దాంతో అంకె పెరిగింది. స్వీడన్‌లో ఒకే నిందితుడు ఒకే వ్యక్తిపై పలుమార్లు చేసిన దాడులను విడివిడిగా లెక్కిస్తారు. వాటన్నిటినీ కలిపి ఒకే కేసుగా చూసే దేశంతో దాన్ని పక్కపక్కన పెట్టి ర్యాంకులివ్వడం తూకంరాళ్ళు చూడకుండా తూకం వేయడమే.

పోలీసు లెక్కకు ఆవల ఏముందో చూడటానికి బాధితుల సర్వేలు వచ్చాయి. అమెరికాలో 1973 నుంచి, ఇంగ్లండ్, వేల్స్‌లో 1982 నుంచి ఇవి నడుస్తున్నాయి. పోలీసులకు చెప్పారా లేదా అన్నదానితో నిమిత్తం లేకుండా ఇంటింటికీ వెళ్ళి అడుగుతారు. వీటికీ లోపాలున్నాయి. ఇల్లు లేనివాడి తలుపు ఎవరు తడతారు? జైల్లో ఉన్నవాళ్ళు రారు. ఏడాదిన్నర కిందటి దెబ్బను జనం ‘ఈ మధ్యే’ అంటారు. కల్తీ మందు కొన్నవాడికి తాను బాధితుణ్ణని కూడా తెలియదు.

ఆ చివరి మాట దగ్గర కాసేపు ఆగుదాం. అమెరికా నేరశాస్త్రవేత్త ఎడ్విన్ సదర్లాండ్ 1939లో అమెరికా సమాజశాస్త్ర సంఘానికి ఇచ్చిన అధ్యక్షోపన్యాసంలో, నేరానికి పేదరికమే కారణమనే సిద్ధాంతాలన్నీ పేదలనే పట్టుకునే లెక్కల మీద నిలిచాయని ఎత్తిచూపాడు. 1949లో అచ్చయిన తన పుస్తకంలో అతను 70 పెద్ద కంపెనీల చరిత్ర తవ్వితే వాటికి వ్యతిరేకంగా 980 తీర్పులు, ఉత్తర్వులు తేలాయి. వాటిలో క్రిమినల్ కోర్టులిచ్చినవి కొద్దే, మిగతావి కమిషన్లూ సివిల్ కోర్టులూ ఇచ్చినవి. కాబట్టి ఆ కంపెనీలకు ‘నేరస్థులు’ అనే ముద్ర పడలేదు. ప్రచురణకర్త భయపడి కంపెనీల పేర్లు తీసేయించాడు. పేర్లతో సహా పూర్తి పాఠం బయటికొచ్చింది 1983లో. ఇంతకన్నా మంచి ఉదాహరణ కల్పించి చెప్పినా దొరకదు.

చట్టం రాతలోనే అసమానత ఉండవచ్చు. అమెరికాలో 1986 చట్టం ప్రకారం 5 గ్రాముల క్రాక్ (కొకైన్‌ను గడ్డకట్టించి, కాల్చి పీల్చే రూపం) దొరికినా, 500 గ్రాముల కొకైన్ పొడి దొరికినా ఒకటే శిక్ష, కనీసం ఐదేళ్ళు. మూల పదార్థం రెండింటికీ ఒకటే. క్రాక్ కేసుల్లో ఎక్కువగా శిక్ష పడింది నల్లజాతివారికి. 2010లో ఆ 5 గ్రాములను 28 చేశారు. 100కి 1 తేడా 18కి 1 అయింది, పోలేదు. ఇక్కడ పక్షపాతం చూపే జడ్జి ఒక్కడూ అక్కర్లేదు. చట్టాన్ని నిజాయితీగా అమలుచేస్తే చాలు.

ఇక విద్యార్థులు ఎక్కువగా తడబడే చోటు. శిక్షల్లో వివక్ష ఉందా అని కొలవడానికి రిగ్రెషన్ (ఒక్కో కారణం ప్రభావాన్ని విడిగా అంచనా వేసే గణాంక పద్ధతి) వేస్తారు. నేర తీవ్రత, పాత కేసులు, విచారణ కాలంలో జైల్లో ఉన్నాడా లేదా, ఇవన్నీ కంట్రోల్ చేసి, అంటే ఇవి ఒకేలా ఉన్నవాళ్ళనే పోల్చి, కులమో జాతో వర్గమో చూపే తేడా దాదాపు మాయమైందని సంబరపడతారు. మాయం చేసింది మీరే. పాత కేసులెందుకున్నాయి? అతని వీధిలో గస్తీ ఎక్కువ గనుక. విచారణ దాకా జైల్లో ఎందుకున్నాడు? పూచీకత్తు కట్టలేక. జైల్లో ఉంటే ఉద్యోగం పోతుంది, లాయరును కలవడం కష్టమవుతుంది, ‘ఒప్పుకుంటే ఇవాళే ఇంటికి పోవచ్చు’ అనే మాటకు లొంగుతాడు. అసమానత ప్రయాణించే దారినే కంట్రోల్ పేరుతో మూసేసి, అసమానత కనబడలేదంటే ఎలా? అందుకే ప్రతి దశకూ విడిగా మోడల్ వేయండి: నిలిపి సోదా చేయడం, అరెస్టు, బెయిలు, అభియోగం, శిక్ష. ఒక్కో దశలో తేడా చిన్నదే కావచ్చు. ఐదూ గుణించి చూడండి.

అసమానతను తగ్గించే పద్ధతులూ చదవాలి. ఫిన్లండ్ 1921 నుంచి రోజు జరిమానా పద్ధతి వాడుతోంది. తప్పు తీవ్రతను బట్టి ఎన్ని రోజులో నిర్ణయిస్తారు, రోజుకు ఎంతన్నది ఆదాయాన్ని బట్టి. ఒకే తప్పు చేసిన పేదకూ ధనికుడికీ 20 రోజులే, కట్టే మొత్తం మాత్రం వేరు. ఆదాయపు లెక్కలు సరిగ్గా దొరకని చోట ఇది కుంటుతుంది.

ప్రాంతాల పట్టికలతో పనిచేసేవాళ్ళకు ఒక హెచ్చరిక. సమాజశాస్త్రవేత్త రాబిన్సన్ 1950 నాటి వ్యాసంలో అమెరికా 1930 జనగణనతో చూపించాడు: విదేశాల నుంచి వలసవచ్చినవాళ్ళు ఎక్కువున్న రాష్ట్రాల్లో నిరక్షరాస్యత తక్కువ, కానీ మనిషి మనిషిగా చూస్తే వలసవచ్చినవాళ్ళలోనే ఎక్కువ. వాళ్ళు చదువు బాగా ఉన్న రాష్ట్రాల్లో స్థిరపడ్డారు, అంతే. పేద పేటలో కేసులెక్కువంటే పేదవాళ్ళు నేరాలెక్కువ చేస్తారని రాసేముందు ఈ వ్యాసం ఒకసారి తిరగేయండి.

వివక్షను నేరుగా కొలిచిన పనికి నమూనా కావాలంటే అమెరికా సమాజశాస్త్రవేత్త డెవా పేజర్ 2003లో ప్రచురించిన ప్రయోగం చదవండి. అమెరికాలోని మిల్వాకీ నగరంలో ఒకే అర్హతలున్న యువకులను, తెల్లవాళ్ళ జంట ఒకటి, నల్లవాళ్ళ జంట ఒకటిగా, 350 ఉద్యోగాలకు పంపింది. జంటలో ఎవరికి జైలు రికార్డు ఉందని చెప్పుకోవాలో వారం వారం మార్చింది. లేకపోతే తేడా రికార్డుదా, మనిషిదా తెలియదు. తిరిగి పిలుపు వచ్చింది రికార్డు లేని తెల్లవాళ్ళకు 34 శాతం, ఉన్న తెల్లవాళ్ళకు 17. రికార్డు లేని నల్లవాళ్ళకు 14, ఉన్నవాళ్ళకు 5. మధ్య రెండు అంకెలూ మళ్ళీ చూడండి.

మీరు చేయగలిగింది కోర్టు పరిశీలన. ఒకే హాలు, కనీసం రెండు వారాలు, పొద్దున్నా మధ్యాహ్నమూ. ఒక్కో కేసుకు ఒక్కో వరుస రాయండి: అభియోగం, లాయరు సొంతమా ప్రభుత్వం ఇచ్చినదా, విచారణ ఎన్ని నిమిషాలు, బెయిలు షరతు, వాయిదా కారణం. పేర్లు రాయొద్దు. ‘ఆర్థిక స్థితి’ అనే గడి పెట్టొద్దు. బట్టలు చూసి ఊహించి నింపుతారు, అక్కడే పని చెడుతుంది. మొదటి 30 కేసులు ఇద్దరు విడివిడిగా రాసి సరిచూసుకోండి. కాకతాళీయంగా కుదిరిన భాగాన్ని తీసేసి ఇద్దరి రాతలూ ఎంత కలిశాయో చెప్పే కప్పా విలువ 0.7 దాటకపోతే గడుల నిర్వచనాలు మార్చుకోండి. బెయిలు వచ్చినవాడు ఆ సాయంత్రమే బయటికెళ్ళాడా లేదా అన్నది హాల్లో కూర్చుంటే కనబడదు. దానికి జైలు రిజిస్టరు కావాలి, అనుమతికి నెలలు పడుతుంది, కాబట్టి దరఖాస్తు మొదటి వారంలోనే పెట్టేయండి.