అక్షరాలను తిప్పకండి, దిక్కు చెప్పండి

అందరికీ నమస్కారం.

హైదరాబాదులో ఒకే బోర్డు మీద తెలుగు, ఇంగ్లీషు, ఉర్దూ చూస్తూ పెరిగినవాళ్లం మనం. పెయింటరు బ్రష్షు పట్టి రాసినంతకాలం ఇబ్బంది లేదు. ఉర్దూ కుడి నుంచి మొదలుపెడతాడు, తెలుగు ఎడమ నుంచి. 2017 నుంచి తెలంగాణ అంతటా ఉర్దూ రెండో అధికార భాష. అందుకే ఇప్పుడు ఆ పెయింటరు తెలివి మన వెబ్ పేజీలకు కావాలి.

ఒక బడి అడ్మిషన్ల పేజీ నేనే తయారుచేశాను. ఉర్దూ పేజీలో 'తారీఖె పైదాయిష్' అన్న మాట పక్కన ఒక పాప పుట్టినతేదీ 12-03-08 అని ఉండాలి. తెర మీద 08-03-12 కనబడింది. 2008 మార్చి 12న పుట్టిన పిల్ల 2012 మార్చి 8న పుట్టినట్టయింది. డేటాబేసులో తప్పు లేదు, టైపు చేసినవాళ్లదీ లేదు. పాప నాన్న వచ్చి అడిగేదాకా నాకు తెలియలేదు. ఆయన ముందు తల ఎత్తుకోలేకపోయాను.

ఏం జరిగిందంటే, కంప్యూటర్లు అన్ని లిపులకూ వాడే యూనికోడ్ పద్ధతిలో అక్షరాలు మనం చదివే వరసలోనే ఉంటాయి. ఎటు పేర్చాలన్నది తెర మీద చూపేటప్పుడు తేలుతుంది. తెలుగు అక్షరానికీ ఉర్దూ అక్షరానికీ సొంత దిక్కు ఉంది. ఖాళీకి, బ్రాకెట్టుకి లేదు, అవి పక్కవాటిని చూసి నడుస్తాయి. అంకెలను ఉర్దూలో కూడా ఎడమ నుంచే చదువుతారు కనుక 12 ఎప్పుడూ 12గానే ఉంటుంది. కానీ ఉర్దూ అక్షరాల తర్వాత వచ్చే అంకెలను అడ్డగీత కలిపి ఉంచలేదు. తేదీ మూడు ముక్కలై, ఆ ముక్కలు కుడి నుంచి వరసకడతాయి. అదే 12/03/08 అని ఏటవాలు గీత పెడితే చెదరదు! ఎస్టీడీ కోడు తర్వాత అడ్డగీత పెట్టిన ఫోన్ నంబరుదీ ఇదే గతి, 040 చివరికి పోతుంది.

తెలుగు పేజీలోనూ ఇది తప్పదు. ఉర్దూ లిపిలో ఒక పేరు, అడ్డగీత, ఆపైన '12 పుస్తకాలు' అని రాయండి. 12 పేరును దాటి ఎడమకి పోతుంది, 'పుస్తకాలు' కుడివైపే మిగిలిపోతుంది.

ఇలాంటప్పుడు కొందరు, తెర మీద సరిగ్గా కనబడాలని తిరగేసి టైపు చేస్తారు. దయచేసి అది మాత్రం చేయకండి. కంటికి సరిపోతుంది కానీ లోపల ఉన్నది తప్పు తేదీ. వెతికితే దొరకదు. స్క్రీన్ రీడరుతో వినే చూపులేని మనిషికి అబద్ధం చెబుతుంది.

ఉర్దూ పేజీకి హెచ్‌టీఎంఎల్‌లో దిక్కు చెప్పే డిఐఆర్ (dir) దగ్గర ఆర్టీఎల్ (rtl, కుడి నుంచి ఎడమకి) అని పెట్టండి. పేజీ రూపం దిద్దే సీఎస్ఎస్‌లో కుడికి జరిపితే దిక్కు చెప్పినట్టు కాదు. తేదీనీ ఫోన్ నంబరునూ చుట్టూ ఉన్న రాతతో కలవకుండా విడిగా ఉంచే బీడీఐ (bdi) ట్యాగులో ఉంచి, దానికి ఎల్టీఆర్ (ltr, ఎడమ నుంచి కుడికి) అని చెప్పండి. జనం నింపే పేర్లు ఏ లిపిలో వస్తాయో మనకు తెలియదు కదా, అక్కడ ఉత్త బీడీఐ చాలు. దిక్కున్న మొదటి అక్షరాన్ని చూసి అదే తేల్చుకుంటుంది. ట్యాగులు పెట్టే వీలులేని మెసేజీల కోసం 2013లో యూనికోడ్ 6.3 ఇదే పని చేసే కొన్ని కనబడని గుర్తులిచ్చింది, ఒకటి తెరవడానికి, ఒకటి మూయడానికి. తెరిచినదాన్ని మూయడం మరవకండి.

ఆ బడి పేజీలో ఇప్పుడు ప్రతి తేదీకీ బీడీఐ ఉంది, సంవత్సరం నాలుగంకెల్లో ఉంది. ఇక ల్యాప్‌టాపులు తెరవండి. మీ సైటులో పేరు నింపే గడిలో ఒక ఉర్దూ పేరు, అడ్డగీత, 12 కొట్టి ఏమవుతుందో చూద్దాం.