అంత్యకాల ప్రవచన పుస్తకాలు: విశ్వాసానికి మేలా, కీడా?

వ్యాఖ్యాత: లోకాంతం గురించిన బైబిలు ప్రవచనాలను నాటి వార్తలకు ముడిపెడుతూ అమెరికా రచయిత హాల్ లిండ్సే 1970లో తెచ్చిన ‘ది లేట్ గ్రేట్ ప్లానెట్ ఎర్త్’ అమెరికాలో ఆ దశాబ్దంలోకెల్లా ఎక్కువగా అమ్ముడైన కథేతర పుస్తకంగా పేరు పొందింది. విశ్వాసులు ప్రభువును కలుసుకోవడానికి ఆకాశంలోకి ఎత్తబడ్డాక భూమ్మీద విడవబడినవాళ్ల కథగా టిమ్ లహే, జెర్రీ జెంకిన్స్ కలిసి రాసిన ‘లెఫ్ట్ బిహైండ్’ నవలలు 1995 నుంచి 2007 వరకు 16 వచ్చాయి, కోట్ల ప్రతులు అమ్ముడుపోయాయి. ఇలాంటివి చదివి ప్రభువును నమ్ముకున్నవాళ్లు ఉన్నారు. వీటివల్లే సంఘానికి తలవంపులు వచ్చాయని బాధపడేవాళ్లూ ఉన్నారు. ఈ రోజు మనతో ఒక పాస్టరుగారు, కొత్త నిబంధన బోధించే అధ్యాపకురాలు, ఒక క్రైస్తవ పుస్తకాల ప్రచురణకర్త ఉన్నారు. అయ్యగారూ, మీ విశ్వాసులకు ఈ పుస్తకాలు చదవమని చెబుతారా?

పాస్టర్: చెబుతాను. అంత్యకాలం గురించి చెప్పే, బైబిలులోని చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథమంటేనే జంకి పక్కన పెట్టేవాళ్లు ఎందరో! దాన్ని చదివేవాడు ధన్యుడని మొదటి అధ్యాయంలోనే ఉంది. అయినా ఎన్ని ప్రసంగ వేదికల మీద దాని ఊసు వినబడుతోంది? మనం వదిలేసిన పనిని ఈ రచయితలు చేశారు. దానియేలు ఎవరో, యెహెజ్కేలు ఎవరో తెలియని పాఠకుడు బైబిలు తెరిచి వెతుక్కున్నాడు. ప్రభువు ఈ రాత్రే వస్తే నా బ్రతుకు ఎలా ఉందని తనను తాను పరీక్షించుకుని మారుమనస్సు పొందాడు. దాన్ని నేను చిన్నచూపు చూడలేను.

అధ్యాపకురాలు: నేనూ చూడను, అయ్యగారూ. అయితే ఆ పాఠకుడికి బైబిలును ఎలా చదవడం నేర్పారన్నదే నా బాధ. మత్తయి 24లోని అంజూరపు చెట్టు చిగురించడమంటే 1948లో ఇశ్రాయేలు దేశం ఏర్పడటమేనన్నారు లిండ్సే. ఇవన్నీ జరిగేవరకు ఈ తరం గతించదని అక్కడే ఉంది; ఆ తరమంటే నలభై ఏళ్లో, అటూఇటో అన్నారు. కూడి చూసుకుంటే 1988 తేలుతుంది. అదే ఉపమానం లూకా 21లో ఎలా ఉందో చూడండి: ‘అంజూరపు వృక్షమును సమస్త వృక్షములను చూడుడి.’ అంజూరం ఇశ్రాయేలైతే మిగతా చెట్లన్నీ ఏ దేశాలు?

పాస్టర్: ‘జరగవచ్చు’ అనే ఆయన రాశారు. తేదీ ఖాయం చేయలేదు.

అధ్యాపకురాలు: నిజమే. ఆ పని ఎడ్గర్ విసెనెంట్ చేశారు. సంఘం 1988 సెప్టెంబరులో ఎత్తబడుతుందని 88 కారణాలు చూపిస్తూ పుస్తకం రాశారు. అది లక్షల ప్రతుల్లో జనంలోకి వెళ్లింది. ఆ దినం, ఆ గడియ తండ్రికి తప్ప ఎవరికీ తెలియవని ప్రభువే చెప్పారు కదా అంటే, దినం, గడియ తెలియకపోయినా సంవత్సరం, వారం తెలుసుకోవచ్చని వాదించారు. ప్రభువు హెచ్చరికనే సందుగా వాడుకోవడం ఎంత సాహసం! 1988 గడిచిపోయాక, మరుసటి ఏడాదికి కొత్త లెక్కతో ఇంకో పుస్తకం వచ్చింది.

వ్యాఖ్యాత: ప్రచురణకర్తగారూ, లెక్క తప్పాక కూడా ఇవి అచ్చులోకి ఎలా వస్తున్నాయి?

ప్రచురణకర్త: కొనేవాళ్లు ఉన్నారు కనుక. యుద్ధవార్త వచ్చినప్పుడల్లా పాఠకులు వీటిని వెతుక్కుంటూ వస్తారు. ఒక ఉదాహరణ చెబుతాను. ఐరోపా కామన్ మార్కెట్ పది దేశాల కూటమిగా మారుతుందని, దానియేలు దర్శనంలో చివరి రాజ్యపు పదిమంది రాజులకు గుర్తుగా కనబడిన పది కొమ్ములు అవేనని అప్పట్లో గట్టిగా బోధించారు. 1981లో గ్రీసు చేరగానే సరిగ్గా పదయ్యాయి. ఎంత మంది గుండెలు దడదడలాడి ఉంటాయో! 1986లో స్పెయిన్, పోర్చుగల్ చేరి పన్నెండయ్యాయి. ఆ కూటమే ఐరోపా యూనియన్‌గా మారి, ఇప్పుడు 27. యెహెజ్కేలు గ్రంథంలో ఇశ్రాయేలు మీదికి దండెత్తి వచ్చే గోగు అని చూపించిన సోవియట్ యూనియన్ 1991లో కూలిపోయింది. అలా జరిగిన ప్రతిసారీ కొత్త పుస్తకంలో కొత్త శత్రువు ప్రత్యక్షమవుతాడు. ‘మేము ఇలా రాశాం, అది జరగలేదు’ అనే ఒక్క పేరా నాకు ముందుమాటల్లో కనబడలేదు. నన్ను బాధించేది అదే.

పాస్టర్: ఒప్పుకున్నవాళ్లు లేకపోలేదు. అమెరికా రేడియో బోధకుడు హెరాల్డ్ క్యాంపింగ్ ఆ దినం 2011 మే 21 అన్నారు, ఆ తర్వాత అక్టోబరు 21 అన్నారు. రెండూ తప్పాక, మరుసటి ఏడాది అది పాపమని బహిరంగంగా రాశారు.

అధ్యాపకురాలు: ఆ ధైర్యాన్ని మెచ్చుకోవాలి. కానీ అప్పటికే ఆయన మాట నమ్మి, దాచుకున్నదంతా ఆ ప్రచారానికి పోసినవాళ్లు ఉన్నారు. 1844 అక్టోబరు 22న ప్రభువు వస్తాడని ఎదురుచూసిన, అమెరికా బోధకుడు విలియం మిల్లర్ అనుచరులకు జరిగిందీ ఇదే. ఎందరో ఆ నిరాశ తర్వాత ఆ మార్గమే వదిలేశారు. మన యువకులకు బైబిలునూ ఈ పుస్తకాన్నీ ఒకే చేతితో ఇస్తున్నాం. పుస్తకం తప్పిన రోజున వాళ్లు దాన్ని మాత్రమే మూసేయరు.

వ్యాఖ్యాత: అమ్మా, ఎత్తబడటాన్ని మీరు నమ్మరా?

అధ్యాపకురాలు: ప్రభువు మహిమతో తిరిగి వస్తారని నా ప్రాణం పెట్టి నమ్ముతాను. అంత్యకాలంలో లోకం మీదికి వచ్చే మహాశ్రమలకు ముందే సంఘం ఎత్తబడుతుందనే క్రమాన్ని మాత్రం 1830ల నుంచి జాన్ నెల్సన్ డార్బీ అనే బోధకుడి బోధ వ్యాప్తిలోకి తెచ్చింది. 1909 నాటి స్కోఫీల్డ్ బైబిలు పాదసూచికలు దాన్ని ఇళ్లకు చేర్చాయి. బైబిలు పండితుడు జార్జ్ ఎల్డన్ లాడ్, క్రీస్తు తిరిగి వచ్చి వెయ్యేండ్లు పాలిస్తారని నమ్ముతూనే ఈ క్రమాన్ని కాదన్నారు. ప్రాచీన సంఘ పండితుడు అగస్టీన్ ఆ వెయ్యేండ్లనే ఇప్పటి సంఘకాలంగా చదివారు. వీళ్లంతా విశ్వాసులే. నవల చదివిన పాఠకుడికి వీళ్లెవరూ ఉన్నట్టే తెలియదు.

పాస్టర్: నా నమ్మకం డార్బీది కాదమ్మా, ఎత్తబడటం గురించి చెప్పే 1 థెస్సలొనీకయులకు 4వ అధ్యాయానిది. వెయ్యేండ్ల పాలనను రెండవ శతాబ్దంలోనే ఐరేనియస్ అనే బిషప్ అక్షరాలా నమ్మారు.

అధ్యాపకురాలు: అంత్యకాలంలో లేచే క్రీస్తు విరోధి పక్షం సంఘాన్ని తరుముతుందని కూడా ఆయనే రాశారు; అంటే సంఘం అప్పటికి ఇక్కడే ఉంటుందన్నమాట. మీరు చెప్పిన అధ్యాయాన్ని పౌలు ఎవరికి రాశాడు? తమవారిని పోగొట్టుకుని ఏడుస్తున్నవాళ్లకు. ‘ఈ మాటలచేత ఒకరినొకరు ఆదరించుకొనుడి’ అని ముగించాడు. మరి ఈ నవలలు చదివిన పిల్లలు నిద్రలేచేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే, అమ్మానాన్నలు ఎత్తబడ్డారు, నేను విడవబడ్డానని వణికిపోయారు. పెద్దయ్యాక కూడా ఆ భయం పోలేదని చెప్పినవాళ్లు ఎందరో. ఆదరణ కోసం రాసిన మాటలతో పసివాళ్లను భయపెట్టాం, అయ్యగారూ. ఇది నేను క్షమించలేకపోతున్నాను.

పాస్టర్: పిల్లల విషయంలో మీ మాటే సరి. ఆ నవలలు వాళ్ల చేతికి ఇవ్వకూడదు. పెద్దలు మాత్రం చదవాలనే అంటాను. మెలకువగా ఉండమన్నది కూడా ప్రభువే.

వ్యాఖ్యాత: మరి అచ్చు వేసేవాళ్లు ఏం చేయాలి?

ప్రచురణకర్త: తేదీ చెప్పే రాతప్రతిని తీసుకోకూడదు. బ్రతికున్న నాయకుణ్ణి క్రీస్తు విరోధి అని పేరు పెట్టి చూపేదాన్నీ తీసుకోకూడదు. పాత పుస్తకం మళ్లీ వేస్తే, అందులో ఏవి జరగలేదో ముందుమాటలో రాయాలి.

పాస్టర్: మొదటి రెండూ సరే. మూడోది ఎవరు రాస్తారు? లిండ్సే 2024లో ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు.

ప్రచురణకర్త: రచయిత లేకపోతే అచ్చు వేసినవాడు రాయాలి.

పాస్టర్: ఏది తప్పిందో మీరెలా తేలుస్తారు? గోగు ఇంకా రాలేదని నేనంటాను, ఆ జోస్యం తప్పిందని మీరు రాస్తారు.

అధ్యాపకురాలు: 1988 గడిచిపోయిందని రాయవచ్చు కదా?

పాస్టర్: అంతవరకు రాయండి. గోగు సంగతి మాత్రం నేను ఒప్పుకోను.